వాన పడితే హాల్లో పెట్టుకుందాం

మా చెల్లెలు పనిచేసిన ఆ పెద్ద కంపెనీ ఏం చేస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించకపోలేదు. ఆమెనే అడిగాను.

"సలహాలు చెప్తారన్నా."

"ఎవురికి?"

"ఎవురడిగితే వాళ్ళకి."

"దేని గురించి?"

"దేని గురించైనా."

ఇలాంటివాళ్ళు మా గుంతకల్లులో ప్రతి టీకొట్టు ముందరా ఉచితంగా దొరుకుతారు. వాళ్ళ మెడలో కార్డు వేలాడదు, అంతే తేడా. కార్డు లేని మనిషి చెప్తే అది వాగుడు. కార్డు ఉన్నవాడు అదే మాట గోడ మీద వెలుగు పడేట్టు చూపించి చెప్తే అది సలహా. దానికి ప్రభుత్వాలు కూడా చేతులు కట్టుకుని కూర్చుంటాయట.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. బడివాళ్ళు పెద్దగా బాధపడినట్టు కనిపించలేదు. స్టేషను బయట కారు పెట్టుకుని బాడుగకు తోలుతుంటాను. మా నాయనకు బెళుగుప్ప దగ్గర ఎర్రనేల మెట్టచేను ఉంది. వానొస్తే చెనిక్కాయ పంట, రాకపోతే ఆకాశం. ఇద్దరు బిడ్డల్లో చదువు మొత్తం చెల్లెలి వాటాకే పోయింది. నేను గొడవ పెట్టుకోలేదు, వాటా అడగలేదు కూడా.

చెల్లెలు అనంతపురంలో డిగ్రీ చివరి ఏడాది చదువుతుండగా, ఏదో ఒక కంపెనీలో కొన్నాళ్ళు పనిచేసి రావాలని కాలేజీలో చెప్పారు. ఆమె స్నేహితురాళ్ళు తెలిసిన కొట్లలో సంతకాలు పెట్టించుకుని ఇంట్లో పడుకున్నారు. మా పిల్ల మాత్రం కంప్యూటరు ముందు కూర్చుని ఏవేవో పరీక్షలు రాసి, బెంగుళూరులో ఆ పెద్ద కంపెనీలో ఇంటర్న్‌షిప్పు తెచ్చుకుంది. బాగా చేసినవాళ్ళను చదువు కాగానే ఉద్యోగంలోకి తీసుకుంటారు. బాగా చేశారో లేదో చెప్పేది మాత్రం ఒక్క మేనేజరే. ఆయన 'ఊఁ' అంటే అద్దాల మేడలో కుర్చీ. అనకపోతే గుంతకల్లు బస్సు. ఆ 'ఊఁ' మీదే మా చెల్లెలు ప్రాణాలన్నీ పెట్టుకుంది. నాయన అయితే ఆ కంపెనీ పేరు నోరు తిరగక, "పాప ఆఫీసు" అని ఊరంతా చెప్పుకున్నాడు.

ఆమె రోజూ ఫోను చేసేది. మొదటి వారం అంతా గర్వమే. లిఫ్టు మాట్లాడుతుందట. కాఫీ యంత్రానికి ఎన్నో మీటలట. మేనేజరును సార్ అనకూడదట, పేరు పెట్టి పిలవాలట.

"పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడా?"

"పలకడన్నా. ఫోన్లో ఉంటాడు."

రెండో వారానికి గొంతు కొంచెం దిగింది. పని ఏమిటని అడిగితే, గోడ మీద చూపించే బొమ్మల్లో డబ్బాలను పక్కకు జరపడం అంది. మేనేజరు వచ్చి నీలం డబ్బా ఎడమకు పెట్టమంటాడు. పెడుతుంది. ఆయన పైవాడు వచ్చి కుడికి పెట్టమంటాడు. పెడుతుంది. సాయంత్రానికి డబ్బా మొదట ఉన్న చోటికే వస్తుంది. అందరూ అలిసిపోయి, బ్రహ్మాండంగా పని జరిగిందని ఒకరినొకరు మెచ్చుకుని ఇళ్ళకు పోతారు.

"గాడిద కూడా బరువు దించినాక తిరిగి ఆడికే మోయదు గదమ్మే," అన్నాను.

"నోరు మూసుకో అన్నా. నాకు ఈ ఉద్యోగం కావల్ల."

అలా ఉండగా ఆ కంపెనీ కన్ను మా అనంతపురం మీద పడింది. కరువు రైతులకు ఏం కావాలో కనుక్కుని చెప్పమని ఎవరో పెద్దలు అడిగారట. కనుక్కోవడానికి మేనేజరు స్వయంగా వస్తాడు, ఒక ఊళ్ళో ముప్పై మంది రైతులను కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఆ రైతులను పోగుచేసే పని మా చెల్లెలిది. ఈ ప్రాంతం పిల్ల కదా. మేనేజరు తెలుగువాడే, కానీ తెలుగు రాదు. మా చెల్లెలే రెండు వైపులా నోరు కావాలి. ఈ ఒక్క మీటింగు బాగా జరిగితే 'ఊఁ' అంటానని ఆయన మాట ఇచ్చాడు.

ఆమె బెళుగుప్ప దగ్గరి మా ఊరినే ఎంచుకుంది. చేలు ఎండిపోయి, మనుషులు అరుగుల మీద పడి ఉన్న రోజులవి. ముప్పై మంది ఏం, మూడొందల మంది వస్తారు, టీ ఇస్తే చాలు. ఊరి ఫంక్షను హాలు మాట్లాడింది. అందరికీ చెప్పింది. అందరూ సరే అన్నారు.

మీటింగుకు ముందురోజు వాన పడింది.

అట్లాంటి ఇట్లాంటి వాన కాదు. నేల లోపలిదాకా దిగిన వాన. మా వైపు దాన్ని పదును అంటారు, విత్తనం పడితే మొలిచేంత తడి. అది వచ్చిందంటే ఇక ఊళ్ళో మనిషి కనపడడు. ఎర్రనేల ఆ తడిని దాచిపెట్టుకోదు, రెండు ఎండలు కాస్తే ఆరిపోతుంది. అందుకే పెళ్ళికొడుకైనా సరే విత్తనాలు వేసే గొర్రు వెనకాల నడవాల్సిందే. ట్రాక్టరు కోసం వరసలో నిలబడతారు, అన్నం చేను గట్టు మీదే తింటారు, ఫోను మోగితే తిట్టి పక్కన పెడతారు.

చెల్లెలు ఆ సాయంత్రమే ఊళ్ళో నాయన ఇంటికి వచ్చి ఉంది, నేనూ అక్కడే ఉన్నాను. మేనేజరుకు ఫోను చేసి, అందరూ వినేట్టు పెట్టింది. వాన పడింది, రైతులెవరూ రారు, ఒక్క వారం ఆగుదాం అని ఇంగ్లీషులో బతిమాలింది. అటునుంచి ఆయన ఎంతో దయగా ఏదో చెప్పాడు. ఆమె ఫోను పెట్టేసింది.

"ఏమన్నాడమ్మే?"

"వాన పడితే ఏమైతుంది, హాల్లో పెట్టుకుందాం అన్నాడు."

ఆయన లెక్కలో వాన అంటే రైతులు తడిసిపోతారని బాధ. అందుకని పైకప్పు ఉండేట్టు చూడమన్నాడు. అవసరమైతే గొడుగులు కూడా పంపిస్తాడట, కంపెనీ బొమ్మ ఉన్నవి. కరువు జిల్లాకు కరువు గురించి తెలుసుకోవడానికి వస్తున్న మనిషి ఇతను. చదువు మానేసినందుకు నేను జీవితంలో చాలాసార్లు సంతోషపడ్డాను, కానీ ఆ రోజు పడినంత ఎప్పుడూ పడలేదు.

ఆమె ఊరంతా తిరిగొచ్చింది. అందరూ రామన్నారు. నాయనను అడగనే లేదు. ఆయన అప్పటికే మరుసటి పొద్దుకు ట్రాక్టరు మాట్లాడుకుని, విత్తనపు మూటల పక్కనే పడుకున్నాడు.

"అన్నా, యాడి నుంచైనా సరే మనుషుల్ని తే. నా బతుకు దీని మీద ఉండాది," అని ఏడ్చింది.

యాడి నుంచైనా అంది కదా. తెచ్చాను.

మా గుంతకల్లులో రైల్వే మైదానం పక్కన సిమెంటు బెంచీల మీద రిటైరైన తాతలు కూర్చుంటారు. గార్డులు, టికెట్ కలెక్టర్లు, డ్రైవర్లు, పాయింట్‌మెన్లు. వాళ్ళను ఆసుపత్రికి తిప్పేది నేనే కాబట్టి అందరూ తెలుసు. పొద్దున్నే పోయి, టిఫిను, మధ్యాహ్నం బిర్యానీ, ఊరికే కూర్చునే పని అన్నాను. అందరికంటే ముందు లేచింది గార్డు తాత. ఆయనే వాళ్ళకు పెద్ద.

"ఏమప్పా, ఏ పార్టీ మీటింగు?"

"పార్టీ కాదు తాతా. మీరు రైతులు కావల్ల."

"ఎంతసేపు?"

"భోజనాల దాకా."

"అయితే అవుతాంలే. టైముకు తిరిగి దింపల్ల నువ్వు."

విడపనకల్లు వాడి టెంపో ఒకటి దొరికింది. దారిలోనే చేతి గడియారాలు తీయించాను, బూట్లు విప్పించాను, తలా ఒక తువ్వాలు భుజాన వేశాను. హాలు ముందర టెంపో దిగుతుంటే చెల్లెలు వాళ్ళను చూసింది. తరవాత నన్ను చూసింది. ఆ చూపుకు తువ్వాళ్ళు కాలిపోవాలి.

"వీళ్ళు రైతులా?"

"పోయిన జన్మలో ఏమో. నాకేం తెలుసు."

"నిన్ను సంపేస్తా అన్నా."

అప్పటికే మేనేజరు కారు వచ్చేసింది.

ఆయన తెల్లచొక్కా, తోలు బూట్లు, నవ్వు ముఖం. వస్తూనే చేతులు జోడించి అందరికీ నమస్కారం పెట్టాడు. తాతలందరూ ఒక్కసారిగా లేచి నిలబడి సెల్యూటు చేశారు. ఇక దొరికిపోయామనుకున్నాను నేను. ఆయనకు మాత్రం కళ్ళు చెమ్మగిల్లాయి. రైతులకు ఎంత మర్యాదో అని మా చెల్లెలితో అన్నాడట.

ప్రశ్నలు మొదలయ్యాయి. వాళ్ళ ఇంగ్లీషులో చాలామటుకు తరవాత చెల్లెలు చెప్తే తెలిసిందే. ఆయన అడగడం, ఆమె చెప్పడం, తాతలు పలకడం.

"మీకు ఎంత ఉందని అడుగుతాండాడు," అంది చెల్లెలు మొదటి వరసలో టికెట్ కలెక్టరు తాతతో.

"రెండు బెడ్‌రూములు తల్లీ. ముందర కొంచెం జాగా ఉండాది."

ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, రెండెకరాలు, పక్కన కొంచెం బీడు అని చెప్పింది. మేనేజరు తలూపుతూ రాసుకున్నాడు.

మీ పెద్ద కష్టం ఏమిటని అడిగితే గార్డు తాత లేచి, గొంతు సవరించుకుని, "ఏదైనా సరే టైముకు రావల్ల సార్. లేటయితే లేటని ముందే చెప్పల్ల. జనం ప్లాటుఫారం మీద... అదే, గట్టు మీద ఎంతసేపని కూర్చుంటారు?" అన్నాడు. వాన గురించి ఇంత చక్కగా చెప్పిన రైతును తాను ఇంతవరకూ చూడలేదని మేనేజరు పొంగిపోయాడు. ఇంకొకాయన రాత్రి డ్యూటీలు తీసెయ్యాలన్నాడు. మోటర్లకు రాత్రిపూట కరెంటు ఇస్తున్నారని చెల్లెలు చెప్పింది. మరొకాయన పైవాళ్ళు చెప్పకుండా ట్రాన్స్‌ఫర్లు చేస్తారని ఏడ్చాడు. దానికి ఆమె ఏం చెప్పిందో నాకు అర్థం కాలేదు, మేనేజరు మాత్రం దాని కింద రెండు గీతలు గీసుకున్నాడు.

తాతలు రెచ్చిపోతున్నారు. ఇన్నేళ్ళలో వాళ్ళ మాట ఇంత శ్రద్ధగా విన్నవాడు లేడు. మేనేజరు వింటున్నది వాళ్ళ మాట కాదు, వస్తూ వస్తూ తన సంచిలో తెచ్చుకున్న మాట. తాతలు ఏమన్నా అది ఆ సంచిలో పట్టేది. కుక్క మొరిగినా పట్టేది.

వెనక వరసలో ఒక ముసలాయన మొదటినుంచీ నోరు విప్పలేదు. పట్టాల వెంబడి సుత్తి పట్టుకుని నడిచి, వదులైన చోట బిగించే ఉద్యోగం చేసి రిటైరైనాడు. కిటికీలోంచి బయట ట్రాక్టరు చప్పుడు వింటూ కూర్చున్నాడు. మీరూ ఏదైనా చెప్పండని మేనేజరు ప్రేమగా అడిగాడు.

"ఏం చెప్పాల సార్. ఈ పొద్దు ఈడ కూర్చోకూడదు. పదును అయిన దినం రైతనేవాడు నీడలో కూర్చున్నాడంటే, వాడు రోగి అయినా కావాల, వేరే యాడన్నా జీతం తీసుకున్నోడైనా కావాల."

గార్డు తాత ఆయన మోకాలు గిల్లాడు. నేను గట్టిగా దగ్గాను. చెల్లెలు నన్ను చూసి, మేనేజరును చూసి, ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేసింది. ఈ రోజు హాల్లో కూర్చున్నవాడు రైతు కాడంటున్నాడు అని, ఒక్క ముక్క తగ్గించకుండా.

మేనేజరు గుండె మీద చేయి వేసుకున్నాడు. ఇంత పని రోజున కూడా మన కోసం సమయం చేసుకుని వచ్చారా అని అందరికీ మళ్ళీ దండం పెట్టాడు.

సరిగ్గా అప్పుడు తలుపు దగ్గర నాయన కనపడ్డాడు. మోకాళ్ళదాకా ఎర్రమన్ను. చొక్కా చెమటకు అతుక్కుపోయి ఉంది. చేతిలో విరిగిన గొర్రు కర్రు. నా కోసం వచ్చాడు. బెళుగుప్పలో వెల్డింగు పెట్టించాలి, కారు కావాలి. లోపల ఎవరున్నారో కూడా చూడకుండా నా వైపు రెండడుగులు వేశాడు. తెల్లటి పలకల నేల మీద రెండు ఎర్రటి పాదాలు పడ్డాయి.

మేనేజరు మా చెల్లెలి వైపు వంగి మెల్లగా ఏదో అన్నాడు. అది నాకూ అర్థమైంది. బయట వెయిట్ చేయమనే మాట, కారు తోలేవాళ్ళందరూ మొదట నేర్చుకునే ఇంగ్లీషు. రైతులతో మాట్లాడుతున్నాం, మధ్యలో రాకూడదు, బయట ఉండమను.

అది చెప్పాల్సింది ఆమె నోటితోనే. ఆమె కుర్చీలోంచి లేచింది. నాయన ముఖం చూసింది. కాసేపు తెలుగూ రాలేదు, ఇంగ్లీషూ రాలేదు.

"నాయనా... బయట ఉండమంటాండాడు."

"బయట నిలబడేకి యాడ టైముంది తల్లీ. చేన్లో ట్రాక్టరు నిలబడి ఉండాది. నీ పని నువ్వు చూసుకో," అని నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

నాయన కోపంతో అనలేదు. నిజంగానే టైము లేదు.

కారులో పోతూ అడిగాడు. "ఆ లోపలోళ్ళు ఎవురప్పా?"

"రైతులు నాయనా."

"ఏ ఊరోళ్ళు?"

"గుంతకల్లోళ్ళు. రైల్వే రైతులు."

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. దగ్గు తగ్గాక, "పాప మొగం ఎందుకట్ల ఉండాది?" అన్నాడు.

"ఆయప్ప ఊఁ అంటే ఉద్యోగం."

"అంటాడా?"

"అంటాడు నాయనా. బాగా మురిసిపోయినాడు."

"అయితే సరే. బిరీన పోనీ, పదును ఆరిపోతాది."

సాయంత్రం తాతలను టైముకే దింపాను. మళ్ళీ ఎప్పుడప్పా మీటింగని గార్డు తాత అప్పుడే అడిగాడు.

ఆ తరవాత జరిగింది బెంగుళూరులో. ఆఖరి వారం మేనేజరు చెల్లెలిని పిలిచి, తాము జరిపిన మీటింగులన్నిట్లో అదే గొప్పదని మెచ్చుకున్నాడు. వాళ్ళు తయారుచేసిన పెద్ద రిపోర్టు అట్ట మీద గార్డు తాత ఫోటో, భుజాన నా తువ్వాలు. కరువు సీమ రైతు ఆశాభావం అని కింద రాశారు. ఆయన ఆశ బిర్యానీలో రెండో ముక్క గురించి అని నాకు బాగా తెలుసు.

చెల్లెలు ఆయనకు అంతా చెప్పేసింది. వాళ్ళు రైతులు కాదు, రైల్వే పెన్షనర్లు. మీరు బయట ఉండమన్న మనిషి మా నాయన. ఆ రోజు హాల్లో అడుగుపెట్టిన రైతు ఆయన ఒక్కడే. ఉద్యోగం పోయిందనే అనుకుంది. తిడతాడనుకుంది. తిడితే బాగుండు, మనిషి అనుకునేవాళ్ళం.

"అయ్యో, ముందే చెప్పాల్సింది. ఆయన ఫోటో కూడా తీసుకునేవాళ్ళం," అన్నాడట, ఎంతో ముద్దుగా.

మరి రిపోర్టు అని ఈమె అడిగింది. అది అడిగినవాళ్ళకు పోయింది, వాళ్ళకు నచ్చింది. సారాంశం ఎలాగూ సరైనదే కదా. ఇక దాని గురించి ఎవరితోనూ అనొద్దు. అని, 'ఊఁ' అన్నాడు. ఉద్యోగం ఇచ్చేశాడు. వచ్చే ఏడాది ఇదే పని రెండో విడత ఉంది, ఇదే కాలంలో, ఇదే రైతులతో. వాళ్ళను చూసుకునేది మా చెల్లెలే.

ఆమె ఒక్కటే అడిగింది. ఆ మీటింగు విత్తనాలు అయిపోయాక పెట్టుకుందామా అని. ఆయన క్యాలెండరు తెరిచి, పాపం, నిజంగానే వెతికాడట. కుదరదన్నాడు. తేదీలు పైనుంచి వచ్చేశాయట.

"అయితే నాకూ కుదరదు," అని చెప్పి బస్సెక్కింది.

నేను స్టేషను రోడ్డులో ఆమెకు ఎదురుపోయి, సంచి అందుకుని, నోటికొచ్చినట్టు తిట్టాను. అద్దాల మేడను కాలదన్నే తెలివి ఏ కాలేజీలో చెప్పినారమ్మే అన్నాను.

"అన్నా, ఆ ఉద్యోగం ఏందో తెల్సా నీకు? నాయనను బయట నిలబెట్టి, నీ తాతల్ను లోపల కూర్చోబెట్టేది. నెలనెలా జీతం తీసుకోని."

నేను సంచి డిక్కీలో పెట్టి, ఆమెకు కారు తలుపు తీశాను. అరుదుగా జరుగుతుంది అలా.

నాయనకు ఆమె సగమే చెప్పింది. ఉద్యోగం ఇస్తామన్నారు, నేనే వద్దన్నా అంది. ఆయన ఎందుకని అడగలేదు. పాప ఆఫీసు అనడం మాత్రం మానేశాడు. ఇప్పుడు ఆమె గుంతకల్లులో ఒక ఆడిటరు దగ్గర పనిచేస్తోంది. ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరిపోయే గది. లిఫ్టు లేదు కాబట్టి మాట్లాడే ప్రశ్నే లేదు. అద్దాల మేడ ఎలా ఉంటుందో చూడనివాళ్ళందరూ దాన్ని వదులుకుందని ఆమె వెనక నొచ్చుకుంటారు. ఆమె కూడా ఒక్కోసారి ఆ కాఫీ యంత్రాన్ని తలుచుకుంటుంది. అబద్ధం ఎందుకు.

మొన్న మళ్ళీ వాన పడింది, లోపలిదాకా దిగింది. ఆదివారం కావడంతో ఇద్దరం ఊరికి బయల్దేరాం, విత్తనాలకు. దారిలో నా ఫోను మోగింది. కొత్త నంబరు, ఆడపిల్ల గొంతు, ఆ కంపెనీ పేరు చెప్పి, తాను ఇంటర్న్‌నంది.

"అన్నా, మీరు రైతుల్ని అరేంజ్ చేస్తారంట కదా? పోయినసారి గ్రూపు చాలా బాగుందంట. మళ్ళీ వాళ్ళే కావాలని మా మేనేజర్ అన్నారు. రేపే మీటింగు."

అంటే చెల్లెలు ఇచ్చిన టెంపో, బిర్యానీ ఖర్చుల కాగితం మీది నా పేరు వాళ్ళ కంప్యూటర్లో రైతుల సరఫరాదారుగా ఎక్కింది. తొమ్మిదో తరగతి మీద ఇంతకంటే పెద్ద పదవి ఎవరిస్తారు?

"తల్లీ, ఈడ వాన పడింది. ఎవురూ దొరకరు."

"పర్లేదన్నా. హాల్లో పెట్టుకుందామని చెప్పమన్నారు."

నేను బండి పక్కకు ఆపేశాను. నవ్వు ఆగక, తోలలేక ఆపాను. చెల్లెలు నా చేతిలోంచి ఫోను తీసుకుంది. తిడుతుందేమో అనుకున్నాను.

"పాపా, నీది ఏ ఊరు?"

అవతల గొంతు మారింది. ఆఫీసు తెలుగు పోయి మా తెలుగు వచ్చింది.

"కళ్యాణదుర్గం పక్కన పల్లె అక్కా."

"మీ నాయన ఏం చేస్తాడు?"

"సేద్యమే."

"ఈ పొద్దు మాట్లాడినావా నాయనతో?"

"పొద్దున్నుంచి చేస్తాండా అక్కా. ఫోను ఎత్తల్యా."

"ఎట్ల ఎత్తుతాడు? విత్తుతాంటాడు," అంది మా చెల్లెలు. "మీ మేనేజరు ఊఁ అంటే నీకు ఉద్యోగమా?"

"అవునక్కా."

చెల్లెలు కారు అద్దం దించి, ఫోనును చేను వైపు పట్టింది. అటువైపు ఆ పిల్ల కూడా పెట్టేయలేదు. రోడ్డు పక్క చేన్లో ఎవరిదో ట్రాక్టరు సాలు చివరిదాకా పోయి, తిరుక్కుని, మళ్ళీ మా వైపు వస్తోంది. ఆ చప్పుడు ఆ పిల్లకూ వినపడే ఉంటుంది.